హంపి గోపురం నీడ... మన ఫొటోల జాడ!

హంపి వెళ్లొచ్చినవాళ్లని 'ఏం తెచ్చారు?' అని అడిగితే చాలామంది చూపించేది ఫోనే. రాతిరథం, తామర మహల్, ఏనుగుశాలలు, తుంగభద్రలో పుట్టి ప్రయాణం... వందలకొద్దీ ఫొటోలు. ఓ ఆర్నెల్లు ఆగి అడగండి. అవి ఎవరి ఫోన్లో ఉన్నాయో, కంప్యూటర్లోకి ఎక్కాయో లేదో గట్టిగా చెప్పగలిగేవాళ్లు తక్కువ. ఆ చిక్కుముడి విప్పే కిటుకు హంపిలోనే ఉంది. విరూపాక్షుడి గర్భగుడి వెనక, ఓ చీకటి గదిలో!

చీకటి గదిలో గోపురం

కర్ణాటకలోని హోస్పేట నుంచి 13 కిలోమీటర్లు వెళితే హంపి. ఊరు ఇంకా రాకముందే బండరాళ్ల గుట్టల మధ్య నుంచి విరూపాక్షాలయం తూర్పు గోపురం తల పైకెత్తి పలకరిస్తుంది. ఎత్తు దాదాపు 50 మీటర్లు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగరం పాడుబడింది. బజార్లు బోసిపోయాయి, మహళ్లు కూలాయి. ఈ గుడిలో మాత్రం నేటికీ పూజలు జరుగుతున్నాయి. శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడ రంగమంటపం కట్టించిన సంగతి 1510 నాటి శాసనంలో ఉంది.

దర్శనం చేసుకుని వెనకవైపు వెళితే, చీకటిగా ఉండే ఓ చిన్న గది కనిపిస్తుంది. దాని గోడకి ఓ సన్నని రంధ్రం. వెలుతురు బాగున్న వేళ ఎదుటి గోడ మీద మెల్లగా ఓ బొమ్మ తేలుతుంది. అది అంత దూరాన ఉన్న గోపురం నీడే! కాకపోతే తలకిందులుగా ఉంటుంది. కలశాలు కిందికి, పునాది పైకి.

మాయా లేదు, మంత్రం లేదు. వెలుగు తిన్నగా ప్రయాణిస్తుంది. గోపురం పైనుంచి వచ్చే కిరణం సన్నని రంధ్రంలోంచి దూరి గోడ కింది భాగాన పడుతుంది. కింది నుంచి వచ్చేది పైన పడుతుంది. బడి పిల్లలు అట్టపెట్టెతో చేసే సూదిబెజ్జం కెమెరాదీ ఇదే సూత్రం. ఫొటో అనే మాట పుట్టకముందే విరూపాక్షుడి గుడిలో కెమెరా ఉందన్నమాట.

ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి. గోడ మీద కనిపించేది నీడ మాత్రమే. గోపురం ఉన్నంతవరకే అది ఉంటుంది. రంధ్రానికి చెయ్యి అడ్డం పెడితే మాయమవుతుంది. గోడ దాన్ని దాచుకోదు.

రథం మీద శిఖరం ఏమైంది?

విరూపాక్షాలయం నుంచి ఏటి ఒడ్డున నడుచుకుంటూ వెళ్తే సుమారు రెండు కిలోమీటర్లలో విఠలాలయం వస్తుంది. రోడ్డు మీదుగా వెళ్లేవాళ్లు బండి ఆపిన చోటి నుంచి బ్యాటరీ వాహనంలో వెళ్లొచ్చు. 2017లో వచ్చిన 50 రూపాయల నోటు వెనక ఉన్న రాతిరథం ఇక్కడిదే. చాలామంది జేబులోంచి నోటు తీసి, రథానికి ఎదురుగా పట్టుకుని ఫొటో దిగుతుంటారు.

నోటు మీదా, ఎదుటా రథం పైభాగం బల్లపరుపుగానే ఉంటుంది. ఒకప్పుడు అలా లేదు. దాని మీద ఇటుకలతో కట్టిన శిఖరం ఉండేది. తర్వాత దాన్ని తొలగించారు. మరి ఉండేదని ఎలా తెలిసింది? ఓ ఫొటో వల్ల!

1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే ఆంగ్లేయ సైనికాధికారి పెట్టెలాంటి పెద్ద కెమెరాతో హంపి అంతా తిరిగాడు. అప్పటికి ఫిల్ము లేదు. మైనం పట్టించిన కాగితాలే నెగెటివ్‌లు. వాటి మీద ఆలయాలూ, మంటపాలూ, ఈ రథమూ ఫొటోలు తీశాడు. ఆ తర్వాత అవి జనం కంటికి దూరమయ్యాయి. శతాబ్దం దాటాక, 1980 ప్రాంతంలో మళ్లీ వెలుగు చూశాయి. 1983లో జాన్ గాలింగ్స్ అనే ఆస్ట్రేలియా ఫొటోగ్రాఫర్ హంపి వచ్చి, గ్రీన్‌లా ఎక్కడ నిలబడి తీశాడో వెతుక్కుంటూ అవే చోట్ల నుంచి మళ్లీ తీశాడు. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నూటపాతికేళ్లలో ఏది నిలిచిందో, ఏది పోయిందో తెలిసిపోతుంది.

శిఖరం పోయింది. దాని ఫొటో ఉంది. కారణం... గ్రీన్‌లా కాగితం మీద ఉన్నది నీడ కాదు, నకలు. రథంతో నిమిత్తం లేకుండా విడిగా బతకగల నకలు. నీడకీ నకలుకీ ఉన్న ఈ తేడా తెలిస్తే ఫోన్లూ కంప్యూటర్ల మధ్య ఫొటోల గొడవ సగం తీరినట్లే!

అయిదు ఫోన్లు... ఒక కెమెరా

సంక్రాంతి సెలవులకి మేం హంపి వెళ్లినప్పుడు జట్టు పెద్దదే. అమ్మ, నేను, అక్కయ్య, బావగారు, వాళ్లమ్మాయి చిన్ని, అమెరికా నుంచి వచ్చిన తమ్ముడు. అమ్మతో సహా అయిదుగురి చేతుల్లో ఫోన్లు, తమ్ముడి మెడలో కెమెరా. మొదటిరోజు పుష్కరిణి, మహర్నవమి దిబ్బ, రాణీవారి స్నానాగారం, పదకొండు గుమ్మటాల ఏనుగుశాలలు చూసి రాత్రికి హోస్పేట లాడ్జికి చేరాం. భోజనాలయ్యాక బావగారు లాప్‌టాప్ తెరిచారు. అందరి ఫొటోలూ ఒకేచోట కనపడేలా ఓ ఉమ్మడి ఆల్బమ్ మొదలుపెట్టారు. 'మీమీ ఫోన్లలోవి ఇందులో వేసేయండి' అన్నారు. అక్కణ్నుంచి మొదలైంది అసలు తిరనాల!

అమ్మ ఫోన్లోంచి ఒక్క ఫొటో కూడా రాలేదు. చూస్తే, వైఫై దొరికినప్పుడే ఫొటోలు పైకి పంపాలని అందులో అమర్చి ఉంది. ఊళ్లో అమ్మ ఇంట్లో వైఫై లేదు. అంటే ఆ ఫోన్ కొన్న దగ్గర్నుంచీ ఒక్క ఫొటో కూడా ఎక్కడా భద్రమవలేదు! లాడ్జి వైఫైకి కలిపి, ఛార్జింగ్ పెట్టి వదిలేస్తే తెల్లారేసరికి పని పూర్తయింది.

అక్కయ్య ఫోన్లో సగం వచ్చి ఆగిపోయాయి. చోటు నిండిపోయింది మరి. గూగుల్ ఖాతాకి ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. అందులోనే మెయిళ్లు, డ్రైవ్ ఫైళ్లు, ఫొటోలు అన్నీ సర్దుకోవాలి. 2021 జూన్‌కి ముందు ఫొటోలని కాస్త కుదించి దాచుకుంటే లెక్కలోకి వచ్చేవి కావు. ఆ వెసులుబాటు ఇప్పుడు లేదు. ఐక్లౌడ్‌లో ఉచితం 5 జీబీయే. ఒక్కో ఫొటో మూడు నుంచి అయిదు ఎంబీ అనుకున్నా, మా జట్టు రెండు రోజుల్లో తీసిన 1,400 ఫొటోలకి అయిదారు జీబీ కావాలి. వీడియోలు అదనం!

బావగారి సమస్య ఇంకోటి. ఫోన్లో ఆఫీసు ఖాతా ఒకటి, ఇంటి ఖాతా ఒకటి. ఫొటోలన్నీ ఆఫీసు ఖాతాలోకి ఎక్కుతున్నాయి, ఆయనేమో ఇంటి ఖాతాలో వెతుకుతున్నారు. ఎక్కడో చోట ఉన్నాయిలే అనుకోవడానికి లేదు. ఉద్యోగం మారితే ఆ ఖాతాతోపాటు ఫొటోలూ చేజారతాయి.

ఫొటోలు కంప్యూటర్లో కనపడనప్పుడు చూడాల్సిన మొదటి నాలుగూ ఇవే. బ్యాకప్ ఆన్‌లో ఉందా? వైఫై కోసం కాచుక్కూచుందా? చోటు ఉందా? రెండు వైపులా ఒకటే ఖాతానా? వీటికి అయిదోది కూడా కలపండి. బ్యాటరీ పొదుపు మోడ్‌లో ఉన్నప్పుడు చాలా ఫోన్లు ఈ పనిని పక్కన పెట్టేస్తాయి.

సూర్యుడు పొద్దున్నే అస్తమించాడు!

రెండోరోజు సాయంత్రం హేమకూటం ఎక్కాం. విరూపాక్షాలయం పక్కనే ఉన్న ఈ గుట్ట మీదికి పెద్దవాళ్లు కూడా నెమ్మదిగా ఎక్కేయొచ్చు. రాతిపరుపు మీద చిన్నచిన్న గుళ్లు, అటువైపు గోపురం, ఇటువైపు ఎర్రబడుతున్న ఆకాశం. తమ్ముడి కెమెరాకి పండగే.

రాత్రి ఆల్బమ్ తెరిస్తే ఆ సూర్యాస్తమయం ఎక్కడా లేదు. వెతగ్గా వెతగ్గా అదేరోజు ఉదయం ఆరున్నర దగ్గర, ఇడ్లీ తింటున్న ఫొటోలకి ముందు దొరికింది. తమ్ముడి కెమెరా గడియారం ఇంకా డాలస్‌లోనే ఉంది! చలికాలంలో అక్కడి టైము మనకంటే పదకొండున్నర గంటలు వెనక. ఫోన్లయితే నెట్‌వర్క్‌ని బట్టి టైము మార్చుకుంటాయి. కెమెరాకి మనమే చెప్పాలి. ఆల్బమ్‌లు ఫొటోల్ని వరసలో పెట్టేది అందులో దాగి ఉన్న తేదీ, టైము చూసే కాబట్టి, 'ఫొటోలు రాలేదు' అనుకునే సందర్భాల్లో చాలాసార్లు అవి వచ్చే ఉంటాయి... వేరే తేదీ కింద.

దీనికి మందు తేలికే. కంప్యూటర్లో గూగుల్ ఫొటోస్ తెరిచి, కెమెరా ఫొటోలన్నీ ఒకేసారి ఎంచుకుని, టైముని పదకొండున్నర గంటలు ముందుకి జరిపితే చాలు. సూర్యుడు మళ్లీ సాయంత్రమే అస్తమించాడు.

మసకబారిన రామాయణం

హజారరామాలయం చూడనిదే హంపి చూసినట్లు కాదు. గోడల మీద రామాయణం మొత్తం వరసగా చెక్కి ఉంటుంది. చిన్నచిన్న బొమ్మలే అయినా అల్లంత దూరం నుంచీ కథ పోల్చుకోవచ్చు. అక్కయ్య ఒక్కో ఘట్టాన్నీ ఓపిగ్గా ఫొటో తీసి, అప్పటికప్పుడే కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది. తీరా వాటిని కంప్యూటర్లో పెద్దవి చేసి చూస్తే ముక్కూ మొహం తెలియడం లేదు.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో త్వరగా చేరడానికి వీలుగా కుదించుకుపోతుంది. తీసిన తేదీ, చోటు వివరాలూ ఊడిపోతాయి. అందుకే అలా వచ్చిన ఫొటోలు ఆల్బమ్‌లో మనకి అందిన రోజు కింద చేరిపోతుంటాయి. కబుర్లకి అది చాలు. దాచుకోవడానికి పనికిరాదు. అసలు ఫొటోనే పంపాలంటే 'డాక్యుమెంట్'గా పంపాలి. ఇంకో మాట. వాట్సాప్‌లో అందిన ఫొటోలు ఫోన్లో వేరే ఫోల్డర్లో ఉంటాయి. ఆ ఫోల్డర్ కూడా బ్యాకప్ అవ్వాలని మనం విడిగా చెబితేనే గూగుల్ ఫొటోస్ దాన్ని ముట్టుకుంటుంది.

కేబుల్ కలిపినా పలకదేం?

ఇంటికొచ్చాక తీరిగ్గా కేబుల్‌తో ఎక్కిద్దామనుకుంటే అక్కడా కొన్ని పితలాటకాలు. ఆండ్రాయిడ్ ఫోన్‌ని కంప్యూటర్‌కి కలిపితే అది ముందు ఛార్జింగ్ మాత్రమే మొదలుపెడుతుంది. తెర మీద వచ్చే సందేశాన్ని నొక్కి 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' ఎంచుకోవాలి. ఐఫోన్‌ అయితే లాక్ తీసి, ఈ కంప్యూటర్‌ని నమ్మొచ్చా అని అడిగినప్పుడు సరే అనాలి. రెండూ చేసినా ఉలుకూ పలుకూ లేకపోతే కేబుల్ మార్చి చూడండి. ఛార్జింగ్‌కి తప్ప దేనికీ పనికిరాని కేబుళ్లు బజార్లో బోలెడు.

కొన్ని ఫొటోలు కంప్యూటర్‌కి చేరతాయి, కానీ తెరుచుకోవు. చివర 'హెచ్‌ఈఐసీ' అని ఉంటే అది తక్కువ చోటులో ఫొటోని దాచే కొత్త పద్ధతి. ఐఫోన్లలో 2017 నుంచి ఉంది. పాత కంప్యూటర్లకి అది చదవడం రాదు. మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి దానికి సంబంధించిన ఎక్స్‌టెన్షన్ వేసుకోవచ్చు. లేదంటే ఫోన్ కెమెరా సెట్టింగుల్లో 'మోస్ట్ కంపాటిబుల్' ఎంచుకుంటే ఇకమీదట తీసేవి మామూలు జేపెగ్‌లుగానే వస్తాయి.

కంప్యూటర్లో ఉన్న ఆల్బమ్‌ని ఐఫోన్, ఐప్యాడ్‌లోకి ఎక్కించేవాళ్లు ఇంకోటి తెలుసుకోవాలి. కేబుల్‌తో చేసే ఈ సింక్ ఒంటెద్దు బండి. కంప్యూటర్‌లో ఏ ఆల్బమ్‌లు ఎంచితే అవే ఫోన్లో ఉంటాయి. అక్కడ టిక్కు తీసేస్తే ఇక్కడ పోతాయి. ఫోన్లోనే తీసేద్దామంటే కుదరదు. పైగా ఐక్లౌడ్ ఫొటోస్ ఆన్ చేస్తే అలా ఎక్కించినవి ఫోన్లోంచి తొలగిపోతాయి. కంగారు పడక్కర్లేదు. అసలువి కంప్యూటర్లోనే ఉంటాయి. పాత కంప్యూటర్‌ని అమ్మేయనంతవరకూ!

అమ్మ అడిగిన ఫొటో

నెల దాటాక ఓరోజు అమ్మ అడిగింది. 'ఒరే, ఆ చీకటి గదిలో గోపురం నీడ నా చేతిలో పడ్డ ఫొటో ఉండాలి కదా... పెద్దది చేయించి ఇస్తావా?'

గోడ ముందు నిలబడి అమ్మ అరచెయ్యి చాపితే, తలకిందుల గోపురం సరిగ్గా ఆ చేతిలో వాలింది. చిన్ని తీసిన ఫొటో అది. ప్రయాణం మొత్తంలో అందరికీ నచ్చింది. ఉమ్మడి ఆల్బమ్‌లో అందరం చూశాం. ఇప్పుడు కంప్యూటర్లో ఎంత వెతికినా లేదు.

చిన్నికి ఫోన్ చేస్తే ఒకటే మాట. 'ఫోన్ నిండిపోయింది మామయ్యా. మీ కంప్యూటర్లో ఉన్నాయి కదా అని హంపివన్నీ తీసేశా!'

ఇంకేముంది... విరూపాక్షుడి గది కథే. ఉమ్మడి ఆల్బమ్‌లో మేం చూసింది నీడని. గోపురం చిన్ని ఖాతాలో ఉంది. అక్కడ తీసేయగానే మా గోడ మీద నీడ కూడా పోయింది. కంప్యూటర్ తెర మీద కనపడటం వేరు, కంప్యూటర్లో ఉండటం వేరు. సింక్ పని రెండు చోట్లా ఒకేలా ఉంచడం. ఇక్కడ చేర్చితే అక్కడ చేర్చినట్లు, ఇక్కడ చెరిపితే అక్కడా చెరిపేస్తుంది. పాపం, అది దాని ధర్మం.

అదృష్టం కొద్దీ చెరిపిన ఫొటో వెంటనే బూడిదైపోదు. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయినవి చెత్తబుట్టలో 60 రోజులు ఉంటాయి. బ్యాకప్ కానివైతే 30 రోజులు. ఐఫోన్లో 'రీసెంట్లీ డిలీటెడ్'లో 30 రోజుల దాకా ఉంటాయి. చిన్ని చెత్తబుట్ట తెరిచి చూస్తే అమ్మ చెయ్యి, అందులో గోపురం... ఇంకా 19 రోజుల గడువు. అమ్మ ఉగాదికో, వేసవి సెలవులకో అడిగి ఉంటే ఆ ఫొటో గురించి చెప్పుకోవడమే మిగిలేది.

నీడకి తోడు నకలు

ఏ ఊరు వెళ్లొచ్చినా తిరిగొచ్చిన వారంలోపే నాలుగు పనులు పెట్టుకుంటే నిశ్చింత.

ఒకటి... ఉమ్మడి ఆల్బమ్‌లో ఇతరులు వేసిన మంచి ఫొటోల్ని చూసి ఊరుకోకుండా మీ ఖాతాలోకి సేవ్ చేసుకోండి. అప్పుడు వాళ్లు తీసేసినా మీవి మీకుంటాయి.

రెండు... అందరి ఫొటోల్నీ అసలు సైజులోనే కంప్యూటర్లో ఓ ఫోల్డర్లోకి దించి, ఊరి పేరు, నెల, సంవత్సరం రాయండి. నెట్ కనెక్షన్ తీసేసి తెరిచి చూడండి. తెరుచుకుంటే అది నకలు. లేదంటే ఇంకా నీడే!

మూడు... అదే ఫోల్డర్‌ని ఓ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులోకి ఎక్కించి, కంప్యూటర్‌కి దూరంగా దాచండి. కుదిరితే వేరే ఊళ్లో ఉన్న తోబుట్టువుల ఇంట్లో. ఇవన్నీ అయ్యాకే ఫోన్లో చోటు ఖాళీ చేయండి. అదీ చేత్తో ఒక్కోటీ చెరిపేయకుండా, గూగుల్ ఫొటోస్‌లోని 'ఫ్రీ అప్ స్పేస్' నొక్కితే పైన భద్రంగా చేరినవే ఫోన్లోంచి పోతాయి.

నాలుగు... ఓ పది ఫొటోలు కాగితం మీద వేయించండి. పాతకాలపు పద్ధతే. కానీ పాస్‌వర్డు అక్కర్లేని నకలు అదొక్కటే. శిఖరం ఉన్న రథాన్ని మనకి చూపించింది కాగితమే కదా!

ఇలా వెళ్లాలి

హైదరాబాద్ నుంచి రోడ్డు మార్గంలో హంపి 370 కిలోమీటర్ల పైచిలుకు. విజయవాడ, గుంటూరు, నంద్యాల వైపు నుంచి వచ్చేవాళ్లకి అమరావతి ఎక్స్‌ప్రెస్ గుంతకల్లు, బళ్లారి మీదుగా హోస్పేటలో దింపుతుంది. అక్కణ్నుంచి బస్సులు, ఆటోలు ఉంటాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. ఎండాకాలం బండలు కాలిపోతుంటాయి. హాయిగా చూడాలంటే కనీసం రెండు రోజులు పెట్టుకోండి. కమలాపురంలోని పురావస్తు ప్రదర్శనశాలలో హంపి మొత్తానికీ నమూనా ఉంది. ముందు అది చూస్తే ఏది ఎక్కడుందో తెలుస్తుంది. ఓపిక ఉన్నవాళ్లు ఏరు దాటి ఆనెగొంది వైపు వెళ్లి, 575 మెట్లెక్కి అంజనాద్రి మీద హనుమంతుణ్ని చూసి రావచ్చు. బయల్దేరే ముందు ఫోన్లో చోటు ఎంతుందో, కెమెరాలో టైము ఏ దేశానిదో ఒక్కసారి చూసుకోండి. సంగీత స్తంభాల్ని తాకనివ్వరు, రాతిరథం ఎక్కనివ్వరు. ఫొటోలు మాత్రం ఎన్నయినా తీసుకోవచ్చు!